మందునకు లొంగని నట్ట

వానలు పడి బీళ్లలో పచ్చిక మొలిచిన నెలనాళ్లకు మందలో ఒక గొఱ్ఱె వెనుకబడుట మొదలిడును. మేత మానదు, పాఱుడు కూడ ఉండదు. కాని నడక మందగించును. దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. కంటిరెప్ప లోపలి ఎఱుపు తగ్గి తెల్లబడును. ఒకనాటి ఉదయము అది లేవదు. కోసి చూచినచో కడుపులోని నాలుగవ అరలో సన్నని దారపు పోగులవంటి నట్టలు వేల సంఖ్యలో గోడలను కఱచి పట్టుకొని కనబడును. ఆడునట్ట పొడవు ఇంచుమించు ఒక అంగుళము. త్రాగిన నెత్తురుతో నిండిన ఎఱ్ఱని పేగు, దాని చుట్టు పెనవేసికొన్న తెల్లని గర్భనాళములు, ఈ రెండును కలసి ఎఱుపు తెలుపుల పురిత్రాడువలె తోచును. రుడాల్ఫీ అను పండితుడు 1803లో వర్ణించిన ఈ జీవికి శాస్త్రజ్ఞుల వాడుకలో హీమాంకస్ కంటార్టస్ అని పేరు.

ఒక్క నట్ట దినమునకు త్రాగెడి నెత్తురు ఒక బొట్టు. కొలిచి చెప్పవలెనన్న మిల్లీలీటరులో ఇరువదవ వంతు. అది ఒక లెక్కయా అనిపించును. కాని అయిదువేల నట్టలున్న గొఱ్ఱె దినమునకు పావు లీటరు కోలుపోవును. 30 కిలోల గొఱ్ఱె ఒంటిలో ఉండునదే సుమారు 2 లీటర్ల నెత్తురు. ఇక సంతానము మాట. ఒక ఆడునట్ట దినమునకు 5,000 మొదలు 10,000 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో నేల పడి, తడి దొరికినచో వారము పది దినములలో కంటికి కానరాని పిల్లలై గడ్డిపోచలపైకి ప్రాకును. గొఱ్ఱె ఆ పోచలను మేసిన మూడు వారములకు అవి పెరిగి తిరిగి గ్రుడ్లు పెట్ట మొదలిడును. ఈ రెండు లెక్కలను, అనగా నెత్తురు లెక్కను, గ్రుడ్ల లెక్కను, పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుదును. మొదటిది గొఱ్ఱె చావునకు హేతువు. రెండవది మన మందుల చావునకు హేతువు.

పూర్వము కాపరులకు దొరికినవి మైలతుత్తము, పొగాకు కషాయము. మైలతుత్తము నీట కరగించి త్రాగించుట దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను చిరకాలము సాగినది. మోతాదు కొంచెము మించినచో నట్టతోబాటు గొఱ్ఱెయు పోయెడిది. ఇట్టి దశలో 1938లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఫినోథయజీన్ అను రసాయనము నట్టలను చంపునని కనుగొనిరి. అది అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే, 1883లో, రంగుల పరిశ్రమకు చేరువగా పుట్టిన పదార్థము. రంగు గుణము దానిని విడువలేదు: మందు త్రాగిన గొఱ్ఱె మూత్రము ఎఱ్ఱబడి ఉన్నికి మరకలంటించెడిది. కిలో బరువునకు సుమారు 600 మిల్లీగ్రాముల చొప్పున, పెద్ద గొఱ్ఱెకు ఇరువది గ్రాములకు పైగా గొంతులో పోయవలసి వచ్చెడిది. అయినను రైతులు దానిని వరముగ భావించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి గొఱ్ఱెలున్న దేశములందెల్ల అదియే మందు.

1957లో కెంటకీ విశ్వవిద్యాలయమున డ్రడ్జ్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక చిక్కును ప్రకటించిరి. మందు అదే, మోతాదు అదే. కాని ఒక మందలోని నట్టలు చచ్చుచుండగా మఱియొక మందలోని నట్టలు చచ్చుట లేదు. చూచుటకు రెండును ఒక్కటే. సూక్ష్మదర్శినిలో పెట్టినను భేదము కానరాదు. ఈ వార్తను అప్పుడు ఎక్కువమంది పట్టించుకొనలేదు. ఏలయన, అంతకంటె మేలైన మందు రానున్నదని వినికిడి.

వచ్చినది కూడ. 1961లో మెర్క్ సంస్థ థయాబెండజోల్‌ను ప్రకటించెను. కిలోకు 50 మిల్లీగ్రాములు చాలును. గొఱ్ఱెకు హాని లేదు. రకరకముల నట్టలు ఒక్క గ్రుక్కతో పోవును. మూడు సంవత్సరములు గడచినవి. 1964లో అదే కెంటకీ నుండి అదే డ్రడ్జ్ బృందము థయాబెండజోల్‌నకును లొంగని నట్టలను చూపినది. పిదప వచ్చిన ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ మొదలైనవి ఈ కుటుంబమునకు చెందినవే. పేర్లు వేఱైనను ఇంటిపేరు ఒకటి. నట్ట ఒకదానికి లొంగకున్నచో తక్కినవానికిని చాలవఱకు లొంగదు.

తరువాతి ఘట్టములను త్వరగా చెప్పి ముగింతును. అవి ఒకే కథకు పునరుక్తులు. 1966లో బెల్జియము నుండి టెట్రమిసోల్, దాని వెంట లెవమిసోల్ వచ్చినవి. ఆ దశాబ్ది తరువాతి దశాబ్ది ముగియకుండగనే ఆస్ట్రేలియాలో వానికి లొంగని నట్టలు కనబడినవి. జపానులో సతోషి ఓమురా ఒక గోల్ఫు మైదానము చెంత తీసిన మట్టిలోని సూక్ష్మజీవి నుండి, అమెరికాలో విలియం కాంబెల్ బృందము కృషివలన, ఐవర్‌మెక్టిన్ పుట్టి 1981లో పశువుల మందుగ వెలువడెను. కిలోకు 0.2 మిల్లీగ్రాములు! ఫినోథయజీన్‌లో మూడువేలవ వంతు. ఓమురా, కాంబెల్ ఇరువురకు 2015లో నోబెల్ బహుమతిలో భాగము లభించినది. అందుకు తగిన ఆవిష్కారమే అది. కాని 1988 నాటికే దక్షిణాఫ్రికా గొఱ్ఱెలలో దానిని జయించిన హీమాంకస్ నివేదికల కెక్కినది. 2009లో మొదట న్యూజిలాండున విక్రయమునకు వచ్చిన మోనిపాంటెల్ సరిక్రొత్త కుటుంబము. 2013లో ఆ దేశముననే ఒక క్షేత్రమునందు ఇతరజాతి నట్టలు దానికి లొంగుట మానినవి.

స్వదేశాభిమానము చేత ఇచ్చట ఒక మాట చేర్చక తప్పదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో జరిగిన పరిశోధనలనుండి 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజీన్ బోదకాలు మందుగ లోకప్రసిద్ధము. పశువుల ఊపిరితిత్తుల నట్టకును, కుక్కల గుండె నట్ట నివారణకును కూడ దానిని వాడిరి. దాని చరిత్ర వేఱు గనుక అంతటితో విడచుచున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. నట్ట మందునకు ఎట్లు లొంగకపోవుచున్నది? కాపరి నడిగినచో ‘అలవాటు పడినది’ అనును. కల్లు త్రాగువానికి నానాటికి ముంత చాలనట్లు, నట్టయు మందు త్రాగి త్రాగి రాటుదేలినదని ఆయన భావము. చదివినవారు సైతము చాలకాలము ఇట్లే తలచిరి. ఇది పొరపాటని మొదట తేలినది నట్టల విషయమున కాదు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అను ఇరువురు బాక్టీరియాపై ఒక గణితపరీక్ష జరిపి, శత్రువును తట్టుకొనెడి మార్పు ఆ శత్రువు తారసిల్లక మునుపే కొన్నిటిలో యాదృచ్ఛికముగ పుట్టి యుండునని నిరూపించిరి. శత్రువు ఆ మార్పును పుట్టింపదు, ఏరును. మందు గురువు కాదు; జల్లెడ.

నట్టల విషయమున దీనిని చూపుట సులభము కాదు. బాక్టీరియాను పళ్లెరములో పెంచవచ్చును. నట్ట గొఱ్ఱె కడుపులోనే పెరుగవలెను, అచ్చటనే జత కూడవలెను. లొంగెడి జాతి ఆడునట్టలను లొంగని జాతి మగనట్టలతో కలుపవలెనన్నచో, రెండు గొఱ్ఱెలనుండి అవి యుక్తవయస్సునకు రాకముందే వెలికితీసి, ఆడుమగ వేఱుచేసి, మూడవ గొఱ్ఱె కడుపులో శస్త్రచికిత్సతో ప్రవేశపెట్టవలసి యుండును. ఆస్ట్రేలియాలో ల జాంబ్ర్ మొదలగువారు ఇట్టి సంకరణములు చేసి 1979లో థయాబెండజోల్ నిరోధము తలిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించు తీరును ప్రకటించిరి. బఠాణీ మొక్కలతో మెండెల్ చేసిన పనిని వీరు గొఱ్ఱె కడుపులో చేసిరి.

ఇక ఆ గుణము ఏ జన్యువునందున్నది? ప్రతి జీవకణములో సన్నని గొట్టములవంటి దూలములు కలవు. కణము నిలుచుటకు, విభజన చెందుటకు, ఆహారమును ఒకచోటినుండి మఱియొక చోటికి చేర్చుటకు అవియే ఆధారము. వానిని కట్టెడి ఇటుకకు ట్యూబులిన్ అని పేరు. థయాబెండజోల్ కుటుంబపు మందు ఈ ఇటుకలో ఒకానొక గుంటలో దూరి కూర్చుండును. అంతట ఇటుకకు ఇటుక అతుకదు. నట్ట పేగు కణములు కూలిపోవును. 1994లో హాలండు శాస్త్రజ్ఞులు క్వా, ఫేన్‌స్ట్రా, రోస్ అనువారు లొంగని హీమాంకస్‌లో ఈ ఇటుకను చెప్పెడి జన్యువును చదివిరి. సుమారు 450 ఎమైనో ఆమ్లముల గొలుసులో 200వ పూస మారినది. లొంగెడి నట్టలో అచ్చట ఫినైల్ ఎలనిన్, లొంగని నట్టలో టైరోసిన్. డి.ఎన్.ఏ. వ్రాతలో చూచినచో భేదము ఒకే ఒక్క అక్షరము. కోట్ల అక్షరముల గ్రంథములో ఒక అచ్చుతప్పు. ఆ తప్పువలననే మందు దూరెడి గుంట మూసికొనిపోయినది!

ఒక్క అక్షరమునకు ఇంత శక్తి కలదా అని శంకించుట సహజము. మఱుసటి సంవత్సరము వారే దానిని తీర్చిరి. మట్టిలో స్వేచ్ఛగ బ్రదుకు సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అను పురుగు ప్రయోగశాలలకు చిరపరిచితము. అందులో ఈ ట్యూబులిన్ జన్యువు చెడి, మందునకు లొంగని వంశము ఒకటి కలదు. దానికి హీమాంకస్ యొక్క మంచి జన్యువును చేర్చగా ఆ పురుగు మరల మందునకు లొంగెను. ఆ ఒక్క అక్షరము మార్చిన జన్యువును చేర్చగా లొంగలేదు. 200వ స్థానముతోబాటు 167వ, 198వ స్థానములలో కలుగు మార్పులును ఇట్టి ఫలితమునే ఇచ్చునని పిదప తెలిసినది. ఐవర్‌మెక్టిన్ రహస్యము ఇంత తేలికగ బయటపడలేదు. హీమాంకస్ జన్యుగ్రంథము 2013లో మొదట వెలువడి, 2020లో క్రోమోసోముల వారీగ పూర్తియైనది; సంకరణ ప్రయోగములు ఆ నిరోధమునకు ముఖ్యస్థానము అయిదవ క్రోమోసోముపై ఉన్నదని చూపినవి.

జన్యువు జంటగ ఉండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ట్యూబులిన్ మార్పు చాలవఱకు అంతర్గత గుణము. రెండు ప్రతులును మారిన నట్టయే మందును పూర్తిగ తట్టుకొనును. ఒక ప్రతి మాత్రమే మారినది సరియైన మోతాదునకు చచ్చును. ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. మారిన ప్రతి నూటికి ఒకటి చొప్పున ఉన్నదనుకొన్నచో, రెండును మారిన నట్ట పదివేలకు ఒకటి మాత్రమే తగులును. ఒక ప్రతి దాచుకొన్నవి సుమారు రెండువందలు. మందు పోసితిమి, పదివేలలో ఒకటి మిగిలినది. గొఱ్ఱె లేచి తిరిగినది, కాపరి సంతోషించెను. ఆ ఒక్కటి ఎవరితో జతకూడును? అంతయు దానిమీద ఆధారపడియున్నది. బీటిలో మందు సోకని నట్టపిల్లలు సమృద్ధిగ ఉండి, గొఱ్ఱె వానిని మేసినచో, ఈ మొండినట్టకు లొంగెడి నట్టయే జతగ దొరకును. వాని పిల్లలకు ఒక ప్రతియే మారియుండును. రాబోవు మందునకు అవి చచ్చును. బీటిలో అట్టివి లేనిచో మొండిదానికి మొండిదే జత. దినమునకు అయిదువేల గ్రుడ్లు అప్పుడు ఎవరివో చెప్పనక్కఱలేదు.

ఈ వెలుగులో చూచినచో గతించిన దశాబ్దులలో నిపుణులు చెప్పిన ఒక సలహా మనలను విషాదములో ముంచును. మందలోని ప్రతి గొఱ్ఱెకును మందు పోయుడు. వెంటనే నట్టలు లేని శుభ్రమైన క్రొత్త బీటిలోనికి తోలుడు. ఇది పలుదేశములందు చిరకాలము ఉత్తమపద్ధతిగ చెలామణి యైనది. అందు తప్పేమి? క్రొత్త బీటిలో నట్టలు లేవు గదా! అదే తప్పు. ఆ బీటిపై మొదట పడు గ్రుడ్లన్నియు మందును జయించినవాని గ్రుడ్లే. గడ్డి మొత్తము వాని సంతతికే దఖలు పడినది. చెప్పినవారు అజ్ఞానులు కారు. గొఱ్ఱెను చూచిరి, నట్టల వంశవృక్షమును చూడలేదు. మందు మానివేసినచో నట్ట మరల లొంగునా అన్నచో, చాలచోట్ల లొంగలేదు. చేజారినది చేజారినదే.

మేకల సంగతి మఱియొకటి. మేక ఒంటిలో మందు త్వరగ జీర్ణమై పోవును. గొఱ్ఱె మోతాదు దానికి చాలదు. ఆ సంగతి తెలియక పెక్కుచోట్ల మేకలకును గొఱ్ఱె లెక్కనే పోసిరి. సరియైన మోతాదునకు చావవలసిన నట్టలు, ఒక ప్రతి మాత్రమే మారినవి, అట్టి అఱకొఱ మోతాదును తప్పించుకొనుటకు అవకాశము కలిగినది.

ఇది దక్షిణ భారతమునకు సూటిగ తగులు విషయము. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు దేశమున మొదటిది తెలంగాణము, 1 కోటి 90 లక్షలు. రెండవది ఆంధ్రప్రదేశ్, 1 కోటి 76 లక్షలు. నట్టల నివారణ మందును ప్రభుత్వ శాఖలు మందలకు మందలుగ త్రాగించుటయు మనము ఎఱిగినదే. ఫినోథయజీన్‌నకు, థయాబెండజోల్‌నకు లొంగని హీమాంకస్ భారతదేశపు గొఱ్ఱెలలో ఉన్నదని 1976లోనే ప్రకటన వెలువడినది. ఇక 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో దక్షిణ భారతమందలి గొఱ్ఱెలు, మేకలనుండి 23 చోట్ల హీమాంకస్‌ను సేకరించి ట్యూబులిన్ జన్యువును చదివిరి. 200వ స్థానపు మార్పు 18 చోట్ల, 9 మొదలు 84 శాతము వఱకు కనబడినది. 198వ స్థానపు మార్పు 8 చోట్ల, 8 మొదలు 18 శాతము వఱకు ఉన్నది.

సంఖ్యలకంటె ఆసక్తికరమైనది ఆ మార్పుల పుట్టుపూర్వోత్తరము. జన్యువులో మారిన అక్షరమునకు ఇరుప్రక్కల ఉన్న వ్రాతను పోల్చినచో, ఆ మార్పు ఎన్నిమారులు వేఱువేఱుగ పుట్టినదో చెప్పవచ్చును. 200వ స్థానపు మార్పు ఈ ప్రాంతమున కనీసము మూడుమారులు విడివిడిగ జనించినది. 198వ స్థానపు మార్పు అట్లు కాదు. అది దొరికిన ఎనిమిది చోట్లను ప్రక్కవ్రాత ఒక్కటే. అనగా ఎచ్చటనో ఒకచోట ఒకమారు పుట్టి, అక్కడినుండి దక్షిణమెల్ల ప్రాకినది. గడ్డిపోచ నెక్కుటకే శ్రమపడెడి నట్టపిల్ల ఇన్ని ఆమడలు నడచిపోలేదు. గొఱ్ఱె కడుపులో కూర్చుండి పోయినది. గొఱ్ఱెను మనిషి తోలుకొనిపోయెను. సంతలో కొన్న పొట్టేలు, పంటకోసిన చేలలో ఎరువునకై కట్టించుకొన్న మంద, మేతకై ఎండకాలమున వలసపోయిన మంద: ఇవియే దాని వాహనములు. గొఱ్ఱె నట్టలకును మేక నట్టలకును జన్యుభేదము లేదనికూడ ఆ పరిశోధనలో తేలినది. రెండును ఒకే బీటిలో మేయుచున్నవి, నట్టలు ఒకే కులముగ కలసిపోవుచున్నవి. కావున చాలని మోతాదుతో మేకలో బ్రదికిన నట్ట, మోతాదు సరిగ పుచ్చుకొన్న గొఱ్ఱె కడుపులో తన సంతతిని చేర్చుటకు అడ్డేమియు లేదు.

మందు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుట కష్టముకాదు. పెంటికలలో గ్రుడ్లను లెక్కించు గాజుపలకను 1939లోనే ఆస్ట్రేలియాలో గార్డన్, విట్‌లాక్ అనువారు కల్పించిరి. మందు పోయకముందు ఒకమారు, పోసిన పది పదునాలుగు దినములకు మఱియొకమారు లెక్కించి, గ్రుడ్లు నూటికి 95 వంతులైనను తగ్గకున్నచో అనుమానింపవలెను. అట్టి పరీక్ష లేక, గొఱ్ఱె లేచి తిరుగకుండుటను చూచి మందు కల్తీయని దుకాణదారుని నిందించుట మాత్రము తఱచు వినబడును. కల్తీ ఉండవచ్చును; కాని నట్ట మాఱియుండుటయు అంతే సంభవము.

మందునకు అందక గడ్డిలోను, మందు పోయని గొఱ్ఱెలలోను మిగిలియున్న నట్టలనే కాపాడుకొనవలెనని దక్షిణాఫ్రికాలో వాన్ వైక్ 2001లో గట్టిగ వాదించెను. శత్రువును పోషింపుమనుట వింతగ తోచవచ్చును. కాని మందలోని నట్టలలో అధికభాగము కొద్దిపాటి గొఱ్ఱెలలోనే ఉండును. తక్కినవి తమంతట తాము తట్టుకొనును. ఆ కొద్దిపాటిని గుర్తించుటకు అదే దేశమున ఫాఫా మలాన్ అను పశువైద్యుని పేర ఒక అట్ట తయారైనది. దానిపై ఎఱుపు మొదలు తెలుపు వఱకు అయిదు రంగులు. కాపరి గొఱ్ఱె తల ఒడిసిపట్టి, కంటిరెప్పను బొటనవ్రేలితో క్రిందికి లాగి, లోపలి రంగును అట్టతో పోల్చును. మొదటి రెండు రంగులైనచో మందు లేదు. నాలుగు, అయిదు రంగులైనచో మందు తప్పదు. మూడవది వచ్చినప్పుడు మంద స్థితిని, వానను, ఈనిన గొఱ్ఱెలను చూచి ఆలోచింపవలెను. ఈ విధముగ చూచిన మందలలో అధికసంఖ్యాకములకు మందు అవసరమే కలుగలేదు. అవి ఆ సాయంకాలము బీటిలో వేసిన పెంటికలలో మందు ఎఱుగని నట్టల గ్రుడ్లుండును. మందు పోసిన గొఱ్ఱెలో మిగిలిన మొండినట్టల సంతతికి రేపు జత దొరకునది వానినుండియే.